లోడ్ కుదిరింది: ఒక రేంజి వాక్యానికి వ్యాఖ్యానం

"50 మీ. .22. కొత్త లాటు. పెట్టె మీద వేగం 1065. బెంచి మీద ఆనించి 5 షాట్లు. గ్రూపు 9 మి.మీ., ఒక ఫ్లయర్ వదిలేసి. లోడ్ కుదిరింది."

రైఫిల్ షూటింగ్ నేర్చుకునేవాళ్ల నోటుపుస్తకం తెరిస్తే ఇలాంటి వాక్యం ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇది నేను మచ్చుకు కూర్చినది. చూడ్డానికి రెండు ముక్కలే. కానీ గురిపందెపు తూటా గురించి తెలుసుకోవలసినదంతా ఇందులోనే ఉంది. ఆ తెలివితో పాటు కొన్ని తొందరపాట్లూ ఉన్నాయి. అందుకే పాత కావ్యాలకు మన పండితులు చేసినట్టు దీన్ని పదం పదం విడదీసి చూడాలనిపించింది.

నాందేడ్‌లో కూర్చుని ఈ పని చేయడానికి కారణం ఉంది. ఈ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఇవాళ్టికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఆ ఇళ్ల పిల్లలు షూటింగ్ మీద మనసు పడితే ఒక చూపు పుణె బాలేవాడి రేంజి వైపు, ఇంకో చూపు హైదరాబాద్ గచ్చిబౌలి రేంజి వైపు. వాళ్ల చేతికందే పుస్తకాలు మాత్రం ఎక్కువగా అమెరికావి. అక్కడివాళ్లు ఇంటి షెడ్డులో తూటాలు కూర్చుకుంటూ, పౌడరు ఇంత పెంచి అంత తగ్గించి, రైఫిలుకి నప్పే లోడు వెతుక్కుంటారు. మన పిల్లలకు ఆ వసతి లేదు. మనకున్నది తయారైన తూటాల్లోంచి మంచివి ఏరుకునే అవకాశం. ఆ ఏరుకోవడం చేతనవ్వాలంటే కూర్చేవాళ్ల లెక్క తెలియాలి. వాళ్లలో చాలామంది చేసే లెక్కపొరపాటు కూడా తెలియాలి.

లోడ్

అన్వయం కోసం చివరి మాటను ముందుకు తెస్తున్నాను. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, కడుపులో పౌడరు, మూతిలో బిగిసిన గుండు. ఈ నాలుగూ ఎంతెంత, ఎలా కలిశాయన్నదే లోడ్. ఒకసారి కాల్చిన కేసును మళ్లీ సైజు చేసి, కొత్త ప్రైమరు దిగ్గొట్టి, పౌడరు తూచి పోసి, గుండు కూర్చితే అది హ్యాండ్‌లోడ్.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. గురు గోవింద్ సింగ్ 1708లో నాందేడ్‌లోనే కన్నుమూశారు. ఇక్కడి గురుద్వారా హుజూర్ సాహిబ్‌లో భద్రపరచిన ఆయన ఆయుధాల్లో కత్తులూ బాణాలతో పాటు నిప్పువత్తితో పేల్చే పాతకాలపు తుపాకి ఒకటి ఉంది. ఆ తరహా తుపాకిలో ప్రతి దెబ్బా చేతి లోడే. మందు కొలిచి గొట్టంలో పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. మందు కాస్త ఎక్కువ పడితే గుండు పైకి, తక్కువ పడితే కిందకి. దట్టింపు మారితే అదీ మారుతుంది. మూడు వందల ఏళ్లలో పనిముట్లు మారాయి గాని, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ తేడా లేకుండా చేయడమెలాగన్న చిక్కు అలాగే ఉంది.

ఇవాళ్టి హ్యాండ్‌లోడర్ బల్ల దగ్గర ఒక్క తూటా ఎలా తయారవుతుందో దగ్గరగా చూడండి. కేసు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. పేలినప్పుడల్లా కేసు ఉబ్బుతుంది, సైజు చేసినప్పుడల్లా కుంచించుకుంటుంది. ఈ ఈడ్పులకి ఇత్తడి గట్టిపడుతుంది. మెడ గట్టిపడ్డ కేసు గుండును ఒకలా పట్టుకుంటుంది, మెత్తగా ఉన్నది ఇంకోలా పట్టుకుంటుంది. పట్టు మారితే గుండు వదిలే క్షణంలో ఒత్తిడి మారుతుంది, దాంతో వేగం మారుతుంది. అందుకని మెడను కాసేపు మంటకు చూపించి మళ్లీ మెత్తబరుస్తారు. ఆ తర్వాత పౌడరు. దాన్ని తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. మంచి త్రాసు 0.02 గ్రెయిన్ల తేడాను కూడా పట్టుకుంటుంది. పుల్లల్లా ఉండే రైఫిల్ పౌడరులో ఒక్క పలుకు బరువు సుమారుగా అంతే. అంటే పలుకులు లెక్కబెట్టి పోస్తున్నట్టే. చివరగా గుండును ఎంత లోతుకు దించాలన్నది. గుండు ముందుభాగానికీ గొట్టంలో మరలు మొదలయ్యే చోటుకీ మధ్య ఎడాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచి సరిచేస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే, దూరం పెరిగేకొద్దీ చిన్న తేడా పెద్దదవుతుంది. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ పేరు మీద వచ్చిన ఎఫ్-క్లాస్ పోటీలో వెయ్యి గజాల దాకా కాలుస్తారు. అంత దూరాన వేగం నూటికి ఒక వంతు మారినా గుండు దాదాపు జానెడు కిందకో పైకో పోతుంది. వాళ్లు గురిపెట్టే నడిమి వలయం వ్యాసం 5 అంగుళాలే.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తూటాల భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ కూడా ఆ చట్టం దృష్టిలో మందుగుండే. కాబట్టి నాందేడ్‌లో ఇంటి వెనక గదిలో తూటాలు కూర్చే ప్రెస్సు బిగించుకుందామనే ఆలోచన వద్దు. అనుమతి ఉన్న దేశాల్లో కూడా పౌడరు కంపెనీ అచ్చువేసిన పట్టికే ప్రమాణం. కనిష్ఠం దగ్గర మొదలుపెట్టకుండా గరిష్ఠంతో మొదలుపెట్టినవాళ్లూ, ఒక పౌడరు బదులు ఇంకోటి పోసినవాళ్లూ రైఫిళ్లు పగలగొట్టుకున్నారు, కళ్లు పోగొట్టుకున్నారు.

.22

ఒలింపిక్ 50 మీటర్ల రైఫిలు తూటా ఇదే. గుండు వ్యాసం సుమారు 5.6 మి.మీ. దీన్ని ఎంత లైసెన్సు ఉన్నా హ్యాండ్‌లోడ్ చేయడం కుదరదు. పెద్ద రైఫిలు తూటాలో ప్రైమరు అడుగు మధ్యలో విడిగా కూర్చుంటుంది, పేలాక దాన్ని పీకి కొత్తది పెట్టొచ్చు. .22లో విడి ప్రైమరు ఉండదు. నిప్పు పుట్టించే ముద్ద కేసు అడుగు అంచు మడతలో చుట్టూరా ఉంటుంది. ఫైరింగ్ పిన్ను ఆ అంచును నలగ్గొడితేనే తూటా పేలుతుంది. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు.

అందువల్ల 50 మీటర్ల షూటరు అమెరికాలో ఉన్నా, జర్మనీలో ఉన్నా, దెగ్లూర్‌లో ఉన్నా ఒకే స్థితిలో ఉంటాడు. లోడు ఫ్యాక్టరీ చేతిలో ఉంది. ఆ ముద్ద అంచు చుట్టూ సమంగా పరుచుకుందా, పౌడరు సరిగ్గా పడిందా, గుండు వంకర లేకుండా కూర్చుందా అన్నవి ఫ్యాక్టరీలో తేలిపోయాయి. షూటరు వాటిని మార్చలేడు, పరీక్షించి చూడగలడు.

లాటు

ఒకే యంత్రం మీద, ఒకే విడత ముడిసరుకుతో తయారైన తూటాల జట్టు లాటు. పెట్టె మీద దాని నంబరు ఉంటుంది. ఒకే పేరున్న, ఒకే ధర ఉన్న రెండు పెట్టెలు లాటు నంబరు వేరైతే మీ రైఫిల్లో రెండు రకాలుగా పడొచ్చు. అంతకన్నా విచిత్రం, ఒక లాటు మీ రైఫిల్లో అద్భుతంగా పడి, అదే మోడలు వాడే మీ స్నేహితుడి రైఫిల్లో మామూలుగా పడొచ్చు. గొట్టం లోపలి కొలతలు, మరల అంచులు, చాంబరు బిగువు ఏ రెండు రైఫిళ్లలోనూ అచ్చంగా ఒకటి కావు. నా దృష్టిలో ఈ వాక్యం మొత్తంలో బరువైన మాట ఇదే. నోటుపుస్తకంలో దాన్ని "కొత్త లాటు" అని వదిలేయడం అన్యాయం. నంబరు రాయని లాటును మళ్లీ కొనలేం.

లాటు పరీక్ష ఒక పెద్ద పనిగా సాగే చోట్లున్నాయి. ఈలే కంపెనీ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర, లపువా కంపెనీ జర్మనీలో షోనెబెక్‌లో ఇందుకోసం 50 మీటర్ల రేంజిలు నడుపుతున్నాయి. షూటరు తన రైఫిలు తీసుకెళ్తాడు. కర్ర భాగం ఊడదీసి, గొట్టమూ, తూటా పేల్చే యాక్షనూ ఒక ఇనుప పట్టులో బిగిస్తారు. భుజం ఉండదు, ఊపిరి ఉండదు, గుండె చప్పుడు ఉండదు. ఒక లాటు నుంచి పది షాట్లు, మళ్లీ పది. తెర మీద ప్రతి గుండు పడిన చోటు అంకెల్లో వస్తుంది. తర్వాత ఇంకో లాటు. ఎంచుకున్న లాటులోంచి ఏడాదికి సరిపడా అక్కడే కొనుక్కుని వెళ్తారు. కొద్ది వారాలు ఆగితే ఆ లాటు అయిపోవచ్చు, మళ్లీ అది పుట్టదు.

మన పిల్లలకు అంత దూరం పోవడం అయ్యేపని కాదు. రేంజిలో ఉన్నవాళ్లు తలా ఒక లాటు పెట్టె తెచ్చి, ఒకరి పెట్టె ఇంకొకరి రైఫిల్లో పది పది షాట్లు వేసి చూసుకుంటే అదే పని చిన్న ఎత్తున జరుగుతుంది. ఎయిర్ రైఫిలు వాళ్లకు ఇది ఇంకా సులువు. పెల్లెట్ల తల కొలత 4.49, 4.50 మి.మీ. అని డబ్బా మీదే ఉంటుంది, ఒక్కో కొలతలో ఒక్కో డబ్బా తెచ్చుకుని పోల్చుకోవచ్చు.

50 మీ.

ఈ దూరానికి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ పెట్టిన టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మి.మీ. గుండు అంచు ఆ గీతను తాకినా పదే ఇస్తారు. కాబట్టి గుండు కేంద్రం నడిమధ్య నుంచి 8 మి.మీ. లోపల పడితే చాలు. ఆ 8 మి.మీ.ను మళ్లీ పది భాగాలు చేశారు. 10.0 నుంచి 10.9 దాకా ఒక్కో దశాంశానికి 0.8 మి.మీ. మిగతా లెక్కంతా ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో ఇంకా సన్నం. పది అన్నది అర మిల్లీమీటరు చుక్క, దశాంశానికి పావు మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1తో కంచు గెలిచినప్పుడు, వెండి గెలిచిన ఇటలీ షూటరు కాంప్రియానీ స్కోరు 701.5. మధ్యలో ఉన్న 0.4ను టార్గెట్ మీద కొలిస్తే 1 మిల్లీమీటరు. ఆ నారంగ్ పెట్టిన షూటింగ్ అకాడమీలోనే తయారైన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ తర్వాత బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిలు స్వర్ణం తెచ్చాడు.

50 మీటర్లకి వస్తే మహారాష్ట్రకు గట్టి చరిత్ర ఉంది. కొల్హాపూర్ అమ్మాయి తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో ప్రపంచ విజేత అయింది. అదే కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో, షాతోరూ రేంజిలో, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో 451.4తో కంచు తెచ్చాడు. ఈ పోటీలో ఒలింపిక్ పతకం భారతదేశానికి అదే మొదటిది.

వేగం 1065

అంటే సెకనుకు 1065 అడుగులు, మన కొలతలో సుమారు 325 మీటర్లు. ఈలే వాళ్ల పోటీ తూటాల పెట్టె మీద లాటు నంబరుతో పాటు ఇలాంటి అంకె అచ్చై ఉంటుంది. ఆ అంకె మీద రేంజిల్లో నమ్మకాలు బాగా ప్రబలాయి. ఫలానా వేగం ఉన్న లాట్లే మంచివని కొందరు పట్టుబట్టి వెతుకుతారు. ఆ వేగం కంపెనీ పరీక్షాగొట్టంలో వచ్చింది, మీ గొట్టంలో వేరుగా రావచ్చు. పైగా అది సగటు. సగటు ఎంతైనా సైటు నాలుగు క్లిక్కులు తిప్పితే సరిపోతుంది. షూటరుకు హాని చేసేది సగటు చుట్టూ ఉండే చెదురు.

ఆ హాని ఎంతో లెక్కగడదాం. 325 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు 50 మీటర్లు చేరడానికి 0.16 సెకను పడుతుంది. ఆలోగా భూమి దాన్ని పన్నెండున్నర సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం నూటికి ఒకటి తగ్గితే ఈ దిగుడు నూటికి రెండు పెరుగుతుంది, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. దశాంశాల్లో చెప్పాలంటే మూడు. నూటికి ఒకటి అంటే సుమారు 11 అడుగుల తేడా. మంచి పోటీ తూటాల్లో కూడా పది షాట్లలో అన్నిటికన్నా వేగంగా పోయినదానికీ, నెమ్మదిగా పోయినదానికీ మధ్య 20 అడుగులు దాటడం మామూలే. గ్రూపు నిలువుగా సాగితే మొదట అనుమానించవలసింది దీన్నే.

ఇంత నెమ్మది తూటా ఎందుకు వాడతారని పిల్లలు అడుగుతారు. గాలిలో ధ్వని వేగం 15 డిగ్రీల దగ్గర సెకనుకు 340 మీటర్లు. ధ్వనిని దాటి బయల్దేరిన .22 గుండు దారిలో మళ్లీ ఆ వేగం కిందకి జారుతుంది. ధ్వని వేగానికి దగ్గర్లో గాలి నిరోధం బాగా ఎక్కువగా ఉండి, పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది. మొదటినుంచీ ధ్వనికి లోబడి నడిచే గుండుకు ఆ బాధ ఉండదు.

బెంచి మీద ఆనించి

ఇసుక సంచి మీద రైఫిలు ఆనించినా చెంప ఒత్తిడి, భుజం ఒత్తిడి షాటుకీ షాటుకీ మారుతూనే ఉంటాయి. ఇనుప పట్టు దొరికితే మేలు. దొరకనప్పుడు అన్ని లాట్లనూ ఒకే మనిషి, ఒకే పూట, ఒకే తీరున కాల్చాలి.

5 షాట్లు, గ్రూపు 9 మి.మీ.

ఈ రెండు మాటల్నీ విడదీయకూడదు, ఎందుకంటే ఎన్ని షాట్లో తెలియని గ్రూపుకు అర్థమే లేదు. గ్రూపు అంటే అన్నిటికన్నా దూరంగా పడిన రెండు గుండ్ల కేంద్రాల మధ్య దూరం. షాట్లు పెంచేకొద్దీ ఆ దూరం పెరగక తప్పదు. తూటా ఏ మాత్రం మారకపోయినా, 3 షాట్ల గ్రూపుల సగటు కన్నా 5 షాట్ల గ్రూపుల సగటు నూటికి 27 వంతులు ఎక్కువ, 10 షాట్లవి దానికన్నా నూటికి 24 వంతులు ఎక్కువ. ఎవరైనా చిన్న గ్రూపు చూపిస్తే మొదట షాట్లు లెక్కబెట్టమని చెప్పేది ఇందుకే.

అసలు చిక్కు ఇంకొకటి. ఒకే పెట్టెలోని తూటాలతో, ఒకే రైఫిలుతో 5 షాట్ల గ్రూపులు వరసగా వేస్తే అవి సగటుకు అటూ ఇటూ సుమారు నాలుగో వంతు ఊగుతాయి. ఇప్పుడు రెండు లాట్లు తీసుకుందాం. ఒకదాని 5 షాట్ల సగటు 8 మి.మీ., ఇంకోదాని సగటు 11 మి.మీ. మొదటి లాటుతో 60 షాట్ల పోటీ ఆడితే తూటా చెదురు వల్ల పది దాటి బయటకు పోయేది సగటున ఒక్క షాటు కూడా ఉండదు. రెండో లాటుతో ఐదు పోతాయి. షూటరు ఏ తప్పూ చేయకుండానే ఐదు తొమ్మిదులు! అర్హత పోటీలో ఆ ఐదుతో పైవరస నుంచి ఇంటిదారి పట్టాల్సి వస్తుంది. మరి నోటుపుస్తకంలో ఉన్న 9 మి.మీ. గ్రూపు ఈ రెండింట్లో ఏ లాటుది? రెండిట్లో దేన్నుంచైనా సునాయాసంగా రాగల అంకె అది. ఆ ఒక్క గ్రూపు చూసి మంచి లాటనో చెడ్డ లాటనో చెప్పడానికి ఎవరికీ సాధ్యం కాదు.

పది లాట్లను ఒక్కో 5 షాట్ల గ్రూపుతో పరీక్షించి, చిన్నది వచ్చిన లాటును గెలిపిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. పదింట్లో ఒకదానికి ఆ పూట అదృష్టం తగిలి తీరుతుంది. గెలిచినది లాటో అదృష్టమో తెలియదు. హ్యాండ్‌లోడర్ల పుస్తకాల్లో లాడర్ టెస్ట్ అని ఒక పద్ధతి కనిపిస్తుంది. క్రైటన్ ఆడెట్ అనే అమెరికన్ షూటరు పేరుతో ప్రసిద్ధం. పౌడరు కొద్దికొద్దిగా పెంచుతూ మెట్టుకొక షాటు కాల్చి, రెండు మూడు మెట్లు టార్గెట్ మీద ఒకే ఎత్తులో పడినచోట "ఇదే నోడ్" అని గుర్తుపెట్టుకుంటారు. గొట్టం కంపనాల తేడా తగలని నిలకడైన చోటు, అంటే నోడు, ఒకటి ఉంటుందన్న ఆ పద్ధతి వెనక ఉన్న ఆలోచన గౌరవించదగ్గదే. కానీ మెట్టుకొక్క షాటుతో పడిన మూడు గుండ్లు పక్కపక్కన చేరడం యాదృచ్ఛికంగా కూడా జరుగుతుంది. అదే లాడరును మర్నాడు మళ్లీ కాల్చితే నోడు ఇంకో మెట్టు మీదకి మారిపోవడం చాలామంది చూశారు. పౌడరు మారింది గనక కాదు, షాట్లు చాలలేదు గనక.

వేగం కొలతలకీ ఇదే వర్తిస్తుంది. క్రోనోగ్రాఫ్‌తో 5 షాట్లు కొలిస్తే వేగపు చెదురు, అంటే ప్రామాణిక విచలనం, సెకనుకు 3 మీటర్లని వచ్చిందనుకోండి. గణితం చెప్పే హద్దుల ప్రకారం అసలు విలువ 1.8 కావచ్చు, 8.6 కావచ్చు. అదే 20 షాట్ల మీద 3 అని వస్తే అసలు విలువ 2.3కీ 4.4కీ మధ్య ఉంటుందని గట్టిగా చెప్పొచ్చు.

అయితే ఏం చేయాలి? పెట్టెలో 50 తూటాలుంటాయి. ఒక లాటుకి 40 షాట్లు కేటాయించండి. వాటిని పదేసి చొప్పున నాలుగు గ్రూపులుగా కాల్చి, ఎలక్ట్రానిక్ టార్గెట్ ఇచ్చే అంకెలతో నలభైనీ ఒకే పటం మీద పెట్టండి. గ్రూపు కొలత అంచుల్లో పడిన రెండు గుండ్ల మీదే ఆధారపడుతుంది, మిగతా వాటి మాట వినదు. నలభై గుండ్లకీ మధ్యబిందువు కనుక్కుని, దాన్నుంచి ఒక్కో గుండు ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీస్తే ప్రతి షాటుకీ విలువ దక్కుతుంది. పది లాట్లు పరీక్షించేంత స్తోమత లేకపోతే మూడే తీసుకోండి. మూడు లాట్లను నలభై చొప్పున చూసినవాడికి తెలిసినంత, పాతిక లాట్లను ఐదు చొప్పున చూసినవాడికి తెలియదు. తూటాలు దిగుమతి సరుకు, కోటా మీద దొరికేవి. నలభై ఖర్చు పెట్టడానికి చేయి రాకపోవడం నాకు అర్థమవుతుంది. ఐదేసి చొప్పున ఏడాదంతా ఖర్చు పెట్టి ఏమీ తేల్చుకోలేకపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

ఒక ఫ్లయర్ వదిలేసి

గుంపు నుంచి విడిపోయి దూరంగా పడిన షాటు ఫ్లయర్. వదిలేయడానికి న్యాయమైన కారణం ఒక్కటే ఉంటుంది: ట్రిగ్గరు తెగిన క్షణంలోనే, తెర వైపు చూడకముందే, "ఇది కుడికి పోయింది" అని షూటరు పైకి చెప్పడం. కోచ్‌లు షాటు కాల్ చేయమని పట్టుబట్టేది ఈ నిజాయితీ అలవడడానికే. తెర చూశాక దొరికే కారణాలు లెక్కలోకి రావు.

పైగా .22లో ఫ్లయరే పరీక్షకు అసలు విషయం. అంచులో ముద్ద సరిగ్గా పరుచుకోని తూటా, గుండు వంకరగా కూర్చున్న తూటా గుంపులో ఒదగకుండా పక్కకి పడతాయి. ఒక లాటులో అవి యాభైకి ఒకటి ఉన్నాయా, పదికి ఒకటి ఉన్నాయా అన్నదే తెలుసుకోవాలి. మన వాక్యంలోని షూటరు ఐదులో ఒకటి వదిలేశాడు. అంటే కాల్చింది ఐదు, లెక్కపెట్టింది నాలుగు. ఆ ఐదోదాన్ని కలిపి కొలిస్తే గ్రూపు ఎంతో పుస్తకంలో లేదు. పోటీలో స్కోరు బోర్డు దేన్నీ వదిలేయదు.

కుదిరింది

ఈ మాట రాయడానికి ముందు ఇంకో మెట్టు ఉంది. నలభై షాట్లతో ఎంచుకున్న లాటును వేరే రోజున, విప్పని పెట్టెతో మళ్లీ ఇరవై కాల్చాలి. ఎంపికకు వాడిన షాట్లు ఎంపిక సరైనదని రుజువు చేయలేవు. రెండోసారి కూడా సగటు దూరం దాదాపు అంతే వస్తే డబ్బు పెట్టొచ్చు. అప్పుడు దొరికినంత కొనాలి, ఎందుకంటే ఆ లాటు అయిపోతే పని మళ్లీ మొదటికే వస్తుంది. హ్యాండ్‌లోడర్‌కి కూడా అంతే, కొత్త పౌడరు డబ్బా తెరిస్తే పాత తూకం ఉన్నదున్నట్టు చెల్లదు. గొట్టం మార్చినా, దాని లోపల అరుగుదల వచ్చినా కుదిరింది కుదరకపోవచ్చు.

అధ్యాహారం

వాక్యంలో చెప్పకుండా వదిలేసిన మాటల్ని వ్యాఖ్యాత తెచ్చి కలుపుకోవడం మన పద్ధతిలో ఉంది. ఇక్కడ కలుపుకోవలసినవి మూడు.

ఒకటి గొట్టం స్థితి. .22 సీసపు గుండుకు మైనపు పూత ఉంటుంది, ఆ పూత గొట్టం లోపల పొరగా పరుచుకున్నాకే గుండ్లు ఒక తీరుకి వస్తాయి. కంపెనీ మారితే పూత మారుతుంది. పాత పొర పోయి కొత్తది కుదిరే దాకా పడిన షాట్లు ఏ లాటుకీ చెందవు. అవి లెక్కలో వేస్తే కొత్త లాటుకు అన్యాయం.

రెండు గాలి. పొగను పక్కకి వంచి, ముఖానికి తెలియకుండా పోయేంత గాలి సెకనుకు 1 మీటరు ఉంటుంది. అదే అడ్డంగా వీస్తే 50 మీటర్ల దగ్గర గుండు 5 మి.మీ. జరుగుతుంది, అంటే ఆరు దశాంశాలు. గ్రూపు అడ్డంగా సాగినప్పుడు తూటాను తిట్టేముందు రేంజిలో కట్టిన జెండాలు చూడాలి. జెండాలు లేని రేంజిలో ఆరుబయట లాటు పరీక్ష చేయడం వృథా.

మూడు ఎండ. నాందేడ్‌లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. వేడెక్కిన తూటాలో పౌడరు త్వరగా మండుతుంది, వేగం పెరుగుతుంది. గాలి పలచబడి గుండు మీద నిరోధం తగ్గుతుంది. మైనపు పూత మెత్తబడుతుంది. మూసిన కారు డిక్కీలో రెండు గంటలున్న పెట్టెకీ, నీడలో మూత వేసి ఉంచిన పెట్టెకీ లాటు నంబరు ఒకటే అయినా లోపలి తూటాలు ఆ పూటకి ఒకటి కావు. వేసవిలో పరీక్షలు పొద్దున్నే, రేంజి నీడ తిరగకముందే ముగించాలి. కాల్చబోయే తూటాలు గంట ముందు నుంచే రేంజి నీడలో ఉండాలి. ఒక్కో షాటుకీ తూటాను వేడెక్కిన చాంబరులో పెట్టి గురి కోసం అరనిమిషం ఆలస్యం చేయడం కూడా లెక్కలోకే వస్తుంది. ఎండాకాలంలో తేల్చుకున్న లాటును డిసెంబరు పోటీకి తీసుకెళ్లేముందు ఒక చలి ఉదయాన మరో ఇరవై షాట్లు వేసి చూసుకోవాలి. లాటు నంబరు పక్కన ఉష్ణోగ్రత, గంట, గాలి దిక్కు, గొట్టం తుడిచాక అది ఎన్నో షాటో రాయడానికి అర నిమిషం పడుతుంది. అవి రాయకపోతే మేలో వేసిన గ్రూపునూ డిసెంబరులో వేసిన గ్రూపునూ పక్కపక్కన పెట్టి పోల్చే వీలుండదు.